బంకాయన చెప్పిన ఖాళీ

టీచరుకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, మాట ఆ తర్వాత వస్తుంది. ఆ రోజు రెండూ ఒక్కసారే జరిగాయి. జరగవా మరి? ఇరుకు మేడ మీద రెండు గదుల్లో చంటిపిల్లల బడి నడుపుకుంటున్న మనిషిని ఇంటివాళ్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. కాళ్లరిగేలా తిరిగితే దొరికిన చోటు ఒక్కటే, వీధి మలుపులో ఏళ్ల తరబడి మూతపడి ఉన్న పెట్రోల్ బంకు. పైన కప్పుంది, వెనక రెండు గదులున్నాయి, పిల్లలు పరిగెత్తడానికి జాగా ఉంది. అలాంటి చోటు వద్దని సొంత చెల్లెలే నోట్లో మట్టి కొడితే ఎవరికి మాత్రం మండదు?

చెల్లెలికి మట్టితోనే పని. పాత ఫ్యాక్టరీలూ బంకులూ ఉన్న చోట కొత్తగా ఏదైనా పెట్టాలంటే కింద నేల బాగుందో లేదో పరీక్షించి ఆవిడ రాసివ్వాలి. అప్పుడే మునిసిపాలిటీ ఊఁ అంటుంది. వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఇంత మట్టి ఉంటుందని బడి పిల్లలు ఆమెను మట్టి పిన్ని అంటారు. బంకు యజమాని, అంటే వీధి వీధంతా బంకాయన అని పిలిచే పెద్దమనిషి, ఏరికోరి ఆమెనే పిలిపించాడు. అక్క బడి కోసం చెల్లెలు అడ్డు చెప్పదని ఆయన ధీమా.

మొదటిసారి ఆయనే దగ్గరుండి తిప్పి చూపించాడు. “కింద మూడు టాంకులమ్మా. మూడూ ఖాళీ. మూసేసిన రోజే ఖాళీ” అన్నాడు. చెల్లెలు ఖాళీ అనే రాసింది. ఆ ముక్క వినగానే టీచరు ఆగలేదు, డబ్బాలు డబ్బాలు పసుపు రంగు తెప్పించి స్తంభాలకు పూయడం మొదలుపెట్టింది.

రెండోసారి నేలలోకి గొట్టం దింపి లోపలి మట్టి పైకి తీశారు. అది నల్లగా, జిడ్డుగా వచ్చింది. వాసనకి పక్క కొట్టు మంగలి ఎవరిదో గడ్డం సగం గీసి వదిలేసి, “ఎవడయ్యా పెట్రోలు ఒలకబోసింది?” అని రోడ్డు మీదకొచ్చి అరిచాడు.

“ఇక్కడ బడి వద్దక్కా” అంది చెల్లెలు.

“ఖాళీ అని నువ్వే రాశావు కదే!”

“రాశాను. నాదే తప్పు. కర్ర దింపి చూడకుండా ఆయన నోటిమాట పట్టుకుని రాశాను.”

“భేషుగ్గా ఉంది! మరి నెలాఖరుకి పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టమంటావు, నీ నెత్తినా?”

చెల్లెలు పొడుగాటి కర్ర తెచ్చి టాంకు గొట్టంలోకి దింపింది. పైకి తీస్తే కింద జానెడు మేర తడి. అప్పుడే వచ్చిన బంకాయన ముక్కు దగ్గర పెట్టి, “ఇదేంటండీ?” అంది.

“ఖాళీయే” అన్నాడాయన, తొణక్కుండా.

“ఈ తడి?”

“అయ్యో, నీకు బంకు మాట తెలీదమ్మా. పంపుకి అందకపోతే ఖాళీ. పంపు గొట్టం అడుక్కి ఆనదు, అడుగున జానెడు ఎప్పుడూ మిగులుతుంది. దాన్ని మా నాన్న ఖాళీ అన్నాడు, నేనూ ఖాళీయే అంటున్నాను. అబద్ధం చెప్పానా?”

చెప్పలేదు మహానుభావుడు! ఒళ్లు మండేది అందుకే. ఆయన లెక్కలోకి రాని ఆ జానెడులోనే ఇన్నేళ్లూ నీరు చేరి, ఇనుము తుప్పు పట్టి, చిల్లు పడి, సరుకు చుక్క చుక్కా మట్టిలోకి దిగింది.

బంకాయన టీచరుని పక్కకి పిలిచాడు. “టీచరమ్మా, నువ్వు కంగారుపడకు. పైన మందంగా సిమెంటు పోయిస్తాను. చెల్లెలికి నువ్వొక్క మాట చెప్పు. లేదంటే పాపం పిల్లలు రోడ్డున పడతారు.”

దాచడమెందుకు, టీచరుకి ఆశ పుట్టింది. వెనక్కొచ్చి, “సిమెంటు పోస్తే సరిపోదుటే?” అని అడిగింది, కాస్త నెమ్మదిగానే.

“ఏదో ఒక పగులు దొరుకుతుందక్కా. ఆ ఆవిరి గదిలోకొచ్చి నేలని పట్టుకుని ఉంటుంది. నీ పిల్లలు మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటారు?”

నేల మీద. ఇంకెక్కడ పడుకుంటారు? చాపలు పరిచి తనే వరసగా జోకొడుతుంది. బూరెబుగ్గల వాడొకడు బోర్లా తిరిగి ముక్కు నేలకి ఆనిస్తే తప్ప నిద్రపోడు. వాడు గుర్తొచ్చేసరికి టీచరు చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఈసారి చెల్లెలి మీద కాదు.

“మాకొద్దండీ మీ స్థలం” అంది. “ముందు ఆ టాంకులు పీకించండి.”

“నువ్వు కాకపోతే ఇంకొకరు” అని బంకాయన రోడ్డు వైపున్న బోర్డు చూపించాడు. “ఈ స్థలం ఖాళీ” అని బారెడు అక్షరాలు, కింద చిన్నగా “అద్దెకు ఇవ్వబడును”. “మట్టి చూసేవాళ్లు నీ చెల్లెలొక్కతేనా? బోలెడుమంది.”

టీచరు మంగలి కొట్లోంచి స్టూలు లాక్కొచ్చి, మిగిలిన పసుపు రంగు డబ్బా పట్టుకుని ఎక్కింది. ఖాళీ పక్కన, అంతకన్నా పెద్దగా, “కాదు” అని రాసింది.

“ఏయ్! నా బోర్డు!”

“నా రంగు!”

“పోలీసుల్ని పిలుస్తాను!”

“పిలవండి, కర్ర దింపి వాళ్లకీ చూపిద్దాం. మీ జానెడు ఎన్ని జానలో వీధంతా చూస్తుంది!” అంది స్టూలు మీద నుంచే. సగం గడ్డంతో కూర్చున్నాయన చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు కూడు పెట్టవు కదా. నెలాఖరుకి మేడ ఖాళీ చెయ్యక తప్పలేదు. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించారు. మిగిలినవాళ్లతో బడి ఒక వారం ఒకరి వరండాలో, ఇంకో వారం ఇంకొకరి హాల్లో సాగింది. చెల్లెలు తన తప్పు తనే ఒప్పుకుంటూ మునిసిపాలిటీకి మళ్లీ రాసింది. పై ఆఫీసులో చీవాట్లు పడ్డాయి, తలెత్తుకునే తిన్నది. బంకాయన ఆ “కాదు” మీద సున్నం పూయించేవాడు. మర్నాటికల్లా టీచరు మళ్లీ రాసేది. ఆయన సున్నం అయిపోయిందేమో గాని ఆమె పసుపు రంగు మాత్రం అవ్వలేదు.

చివరికి టాంకులు తీసెయ్యమని మునిసిపాలిటీ ఆర్డరు వచ్చింది. క్రేను టాంకులను ఒక్కొక్కటే పైకి లేపుతుంటే వీధంతా గోడలెక్కి చూసింది. నల్లమట్టి లారీల్లో పోయింది, ఎర్రమట్టి వచ్చింది. బంకాయన వరండా బడికి వెతుక్కుంటూ వచ్చాడు.

“ఇక ఆ కాదు చెరిపెయ్యి తల్లీ. ఇప్పుడు నిజంగా ఖాళీ.”

“ఎవరి ఖాళీ? మీదా, మా చెల్లెలిదా?”

ఈసారి చెల్లెలు ఎవరి నోటిమాటా వినలేదు. గొట్టం దింపింది, మట్టి తీసింది, ల్యాబ్‌కి పంపింది. ఫలితాలు వచ్చిన రోజు వరండా మెట్ల మీద నిలబడి, “ఖాళీ అక్కా” అంది. అని ఏడ్చేసింది. టీచరు చెల్లెలి మట్టిచేతులు పట్టుకుని తనూ ఏడ్చింది.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం బంకాయన వచ్చి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. “ఇంకా చెరపలేదేం? స్థలం ఖాళీ అని మీరే తేల్చారుగా!”

టీచరు వేలు పెదవుల మీద పెట్టుకుని ఆయన్ని గది గుమ్మం దాకా తీసుకెళ్లింది. లోపల వరసగా చాపలు. బూరెబుగ్గల వాడు ముక్కు నేలకి ఆనించి బోర్లా పడి నిద్రపోతున్నాడు.

“చూడండి” అంది గుసగుసగా. “ఖాళీయా?”