పాత ఇగ్నిషన్ స్విచ్

మా ఆయన సుబ్రహ్మణ్యం గారి చేతికి తప్ప ఇంకెవరికీ లొంగని కారు మాది. ఇరవై మూడేళ్ల నాటిది. తాళంచెవిని పూర్తిగా లోపలికి తోసి, వెంట్రుకవాసి వెనక్కి లాగి, కాస్త కిందికి నొక్కి తిప్పితే గానీ స్టార్ట్ కాదు. నాకైతే నాలుగుసార్లకు ఒకసారి తిరిగేది. స్విచ్ అరిగిపోయింది, మార్పించండి మహాప్రభో అని పదేళ్లు మొత్తుకున్నాను. "నా చేతికి అలవాటైపోయింది సత్యా. దొంగకి కూడా పనికిరాదు" అని మురిసిపోయేవారు.

ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. ఆరింటికి షూటింగ్ కాల్‌టైమ్ అంటే ఐదింటికే ఫిల్మ్‌నగర్ కొండ దిగి, ఆర్టిస్టులను నిద్రలేపి మరీ లొకేషన్‌కి చేర్చేవారు. ఇప్పుడు ఆయన్ని పిలిచే కంపెనీ లేదు. మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్లయింది. అయినా ఐదయ్యేసరికి తాళంచెవి జేబులో వేసుకుని, "కాల్ ఉంది" అంటూ బయల్దేరతారు. పోయిన వేసవిలో టోలిచౌకిలో రాంగ్ రూట్‌లో వెళ్లి, రోడ్డు దాటుతున్న ఒక చిన్నపిల్లకు జానెడు దూరంలో ఆపారు. ట్రాఫిక్ పోలీసు ఫోన్ చేస్తే ఆటోలో పరిగెత్తాను. పిల్ల తల్లి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను గుండెకు అదుముకుని ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది.

తాళంచెవి దాచేస్తే ఇల్లంతా తిరగేసి ఏడ్చారు. బ్యాటరీ వైరు పీకేస్తే బానెట్ ఎత్తి తగిలించుకున్నారు. అమ్మేద్దామంటే, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నాకదే దిక్కు. అందుకని ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉండగా బోరబండ నుంచి మెకానిక్ తిరుమలేశ్‌ని పిలిపించాను. షూటింగ్ బండ్ల పని అతనికి మొదట ఇప్పించింది మా ఆయనే.

"ఇగ్నిషన్ ఒక్కటే మార్చాల్నా అమ్మా? డోర్లకు పాత తాళమే పనిజేస్తది" అన్నాడు.

"అదే కావాలి. తలుపు తెరుచుకోవాలి, ఆయన కూర్చోవాలి, బండి మాత్రం కదలకూడదు."

అతను స్క్రూడ్రైవర్‌ని గుడ్డతో తుడిచాడు. "సార్‌కు చెప్పకుండ గిట్ల చేసుడు మనసొప్పుతలేదమ్మా."

"నాకు మాత్రం ఒప్పుతోందా?" అని కసురుకున్నాను. స్టీరింగ్ కింద కవర్ విప్పాడు.

కొత్త తాళంచెవిని కందిపప్పు డబ్బాలో దాచాను. ఊడదీసిన పాత స్విచ్‌ని పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టి, "పారెయ్యకున్రి" అన్నాడు తిరుమలేశ్. పాత ఇనుము దేనికని విసుక్కుంటూనే బీరువాలో పెట్టాను.

మర్నాడు తెల్లవారుజామున ఆయన వెనకే సెల్లార్‌లోకి దిగి స్తంభం చాటున నిలబడ్డాను. డోర్ తెరిచి కూర్చున్నారు. తాళంచెవి తోశారు, లాగారు, నొక్కారు, తిప్పారు. తిరగలేదు. మళ్లీ మళ్లీ తిప్పారు. ఇరవైసార్లు లెక్కపెట్టి, ఇంక చూడలేక పైకి వచ్చేశాను.

ఆయన పైకి వచ్చాక, స్విచ్ పట్టేసినట్టుందండీ అని చెబుదామనుకున్నాను. ఆయనే ముందు మాట్లాడారు.

"సత్యా, పేర్లు పోతున్నాయి, దారులు పోతున్నాయి, సరే అనుకున్నాను. ఇవాళ చెయ్యి కూడా మరిచిపోయింది." దెబ్బ తగిలినట్టు కుడిచెయ్యి నాకు చూపించారు.

నలభై నాలుగేళ్ల కాపురంలో ఆయన్ని నేను అనని మాట లేదు. పనికిరారని మాత్రం ఏనాడూ అనలేదు. ఇప్పుడు నోరు విప్పకుండానే ఆ మాట ఆయనచేతే అనిపించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

బీరువాలోంచి పాత స్విచ్ తెచ్చి బల్లమీద పెట్టాను. "ఇందులో పెట్టి చూడండి" అన్నాను.

ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నారు. తాళంచెవి తోసి, వెంట్రుకవాసి లాగి, నొక్కి తిప్పారు. టక్కున తిరిగింది.

"చెయ్యి బాగానే ఉంది సత్యా" అన్నారు. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. తర్వాత, కారులో ఉండాల్సింది బల్లమీదికి ఎలా వచ్చిందా అన్నట్టు దానివంక చూశారు.

"మార్పించావా?"

"మార్పించాను."

"ఎవరికైనా తగిలిందా?"

"లేదండీ. జానెడులో తప్పింది."

"పిల్లలా?"

తలూపాను. ఆ చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చారు. కళ్లు తుడుచుకుని, "మంచి పని చేశావు" అన్నారు.

గండం గడిచిందనుకున్నాను. మర్నాడు ఐదింటికి మళ్లీ తాళంచెవి జేబులో వేసుకుని, "కాల్ ఉంది" అన్నారు.

ఇది జరిగి నాలుగు నెలలు. ఇప్పుడు ఆయన కిందికి దిగకముందే కాఫీ గ్లాసు పక్కన ఆ స్విచ్ పెడుతున్నాను. తిప్పుతారు, మురిసిపోతారు, ఎవరికైనా తగిలిందా అని అడుగుతారు. చెబితే, అప్పుడే విన్నట్టు ఏడుస్తారు, ఇంక ఆ పూట కిందికి దిగరు. స్విచ్ చూపించకుండా ఏదో అబద్ధం చెప్పి ఆపొచ్చు కదా అంటుంది పక్కింటి మనోజ. ఆపొచ్చు. కానీ అది టక్కుమన్నాక, ఆ ప్రశ్న అడిగేలోపు, నా మొగుడు మళ్లీ పాత మనిషిలా నవ్వుతారు. ఆ కాస్తసేపటి కోసం రోజూ ఆయన్ని ఏడిపిస్తున్నాను.