కిడ్నాపైనావిడ చీర

కిడ్నాప్ కావడానికి వెళ్ళేముందు శ్యామలాదేవి ఇడ్లీలు వేసి, కొబ్బరి చట్నీకి తాలింపు పెట్టి, అత్తగారి బీపీ మాత్ర మంచినీళ్ళ గ్లాసు పక్కన ఉంచి, భర్త చొక్కా ఇస్త్రీ చేసి, కుక్కరు మూడో కూత వేశాక స్టవ్ కట్టేసి మరీ వెళ్ళింది. ఎత్తుకుపోయేవాళ్ళకి తొమ్మిదింటికల్లా అందుబాటులో ఉండాలని ముందే చెప్పారు.

ఎత్తుకుపోయేది దూరమేమీ కాదు. తాడేపల్లిగూడెంలో వాళ్ళింటి వెనకే ఉన్న వాళ్ళ గోనెసంచుల గోడౌన్‌లోకి. ఏలూరు కేబుల్ ఛానెలొకటి పది భాగాల డిటెక్టివ్ సీరియల్ తీస్తోంది. తన కొట్టు బోర్డు ప్రతి భాగంలోనూ కనపడాలన్న షరతు మీద ఆమె భర్త జనార్దనరావు గోడౌన్ ఇచ్చాడు. పనిలో పనిగా, కిడ్నాపైనావిడ భర్త వేషం కూడా తనకే కావాలన్నాడు. తీరా కిడ్నాప్ కావలసిన నటికి హైదరాబాదులో ఇంకో సీరియల్ దొరికి రావడం మానేసింది. డైరెక్టరు వైష్ణవి, పాతికేళ్ళ ఏలూరు పిల్ల, దిక్కుతోచక చుట్టూ చూస్తుంటే టీ గ్లాసుల ట్రేతో వస్తున్న శ్యామలాదేవి కనపడింది.

"ఆంటీ, మీరు చేస్తారా? డైలాగులేం ఉండవు. కుర్చీలో కట్టేసి నోటికి ప్లాస్టర్ వేస్తాం. కూర్చోవడమే."

శ్యామలాదేవి భర్త వైపు చూసింది.

"ఊరికే కూర్చోవడమేగా, కూర్చుంటుందిలెండి. ఇంట్లో మాత్రం తనకి పనేముంది" అన్నాడు జనార్దనరావు. ఆ ట్రేలో పదహారు గ్లాసులున్నాయి.

కిడ్నాపర్ వేషం వేసే నరసరాజుది ఉండి అనే ఊరు. చేపల చెరువులున్నాయి, పెద్ద మీసం ఉంది. ఆ మీసం చూసే వేషమిచ్చారు. మొదటిరోజు పురికొసతో ఆమె చేతులు కడుతూ, "నొప్పెడితే చెప్పండమ్మా, వదులు చేస్తాను" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "టిఫిన్ తిన్నారాండీ?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేసేది ఆమే. వచ్చినవాళ్ళనీ, వెళ్ళేవాళ్ళనీ, అలిగినవాళ్ళనీ అడిగేది. తననెవరూ అడగలేదన్న సంగతి కూడా ఆమెకి ఇప్పుడే తట్టింది. తినలేదంది. నరసరాజు కట్లు విప్పి, రెండు ఇడ్లీలు తెప్పించి, ఆమె తిన్నాక మళ్ళీ కట్టాడు.

కూర్చుంది. మొదటి గంట చేతులు ఊరుకోలేదు. గోనెసంచుల మీద బూజు దులపాలనిపించింది, లైటు తీగలు చుట్ట చుట్టి పక్కన పెట్టాలనిపించింది. రెండో గంటకి భుజాలు దిగాయి. తాను కూర్చోవడం ఎప్పుడు జరిగింది? అన్నానికి కూర్చుంటే పెరుగు కోసం లేవాలి, టీవీ ముందు కూర్చుంటే ఒళ్ళో చిక్కుడుకాయలుంటాయి, గుడిలో కూర్చున్నా చెప్పులు ఎక్కడున్నాయో కాపలా తనదే. ఇప్పుడు ఎవరూ లెమ్మనడానికి లేదు. కట్టేశారు కదా. హాయిగా కళ్ళు మూతపడ్డాయి.

"కట్" అంది వైష్ణవి. "ఆంటీ, మీరు భయపడాలి. మిమ్మల్ని చూస్తుంటే నాకే వచ్చి అక్కడ కూర్చోవాలనుంది."

శ్యామలాదేవి సిగ్గుపడి, దేనికి భయపడాలా అని ఆలోచించింది. పన్నెండున్నరకి చెప్పాపెట్టకుండా ఎనిమిదిమంది చుట్టాలు భోజనానికి దిగినట్టు ఊహించుకుంది. ఆ షాటు ఒక్కసారికే ఓకే అయింది.

మధ్యాహ్నం పెరటి గుమ్మంలోంచి అత్తగారు అచ్చాయమ్మ కేక వినపడింది. "శ్యామలా, ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టావే?" నోటికి ప్లాస్టర్ ఉంది. అచ్చాయమ్మ మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవలేదు, డబ్బా దొరికింది. అది పప్పుల అలమరలో, ఇరవై రెండేళ్ళుగా ఉన్న చోటే ఉంది.

కథలో అంతా ఒక్కరోజే జరుగుతుంది కాబట్టి చీర మారకూడదు. వంగపండు రంగు నేతచీర, పసుపు అంచు. రోజూ సాయంత్రం ఉతికి దండెం మీద ఆరేసేది. జనార్దనరావు స్నానానికి వెళుతూ ఆ చీరని రోజూ చేత్తో పక్కకి తప్పించుకుని వెళ్ళేవాడు.

ఎనిమిదో రోజు వైష్ణవి, కిడ్నాపర్ని పడవలో పట్టుకునే చివరి భాగం కొల్లేరులో తీస్తామని, రెండు రోజులు అక్కడే ఉండాలని చెప్పింది. శ్యామలాదేవి గుండె ఒక్కసారి ఎగిరింది. పెళ్ళైన కొత్తలో ప్రతి చలికాలం అడిగేది, గూడకొంగలు వస్తాయట, చూపించండి అని. "నీళ్ళూ కొంగలూ మన కాలవ దగ్గర లేవా" అనేవాడు జనార్దనరావు. పెళ్ళిళ్ళకి ఏలూరు దాకా ఎన్నిసార్లు వెళ్ళొచ్చారో, అక్కణ్ణుంచి ఆ కాస్త దూరం మాత్రం పోలేదు. తర్వాత అడగడం మానేసింది.

"ఆ పడవ గొడవంతా ఎందుకమ్మా" అన్నాడిప్పుడు. "ఆ పట్టుకునేదేదో ఇక్కడే గోడౌన్‌లో పట్టుకోండి. రెండు రోజులు ఇల్లెవరు చూస్తారు?"

వైష్ణవి ఆమెనే చూస్తూ, "రేపటికి చెప్పండాంటీ. మీరు రానంటే ముగింపు మార్చుకుంటాను" అంది.

తొమ్మిదో రోజు జనార్దనరావు సీను. కొట్టు ముందు కెమెరా పెట్టారు. శ్యామలాదేవి తన షాటు కోసం కొట్టు వెనక, బస్తాల చాటున, కట్లతోనే కూర్చుని ఉంది. ప్రతి మాటా వినపడుతోంది. డిటెక్టివ్ వేషం వేసిన సాల్మన్ నిజంగానే రిటైరైన హెడ్ కానిస్టేబుల్.

"మీ ఆవిడ వెళ్ళేటప్పుడు ఏ రంగు చీర కట్టుకున్నారండి?"

కాగితంలో నీలం అని ఉంది. అది రాని నటి చీర. "అంకుల్, ఆంటీ కట్టుకునే రంగే చెప్పేయండి" అంది వైష్ణవి.

జనార్దనరావు గొంతు సవరించుకున్నాడు. "ఎరుపండి. ఎరుపంటే... ఆకుపచ్చ లాంటిది."

"గుర్తులేమైనా ఉన్నాయాండి?"

"మామూలుగానే ఉంటుందండి."

"ఎక్కడికైనా వెళ్ళాలని అంటుండేవారా?"

"అబ్బే. తనకలాంటి సరదాలేం లేవండి."

సాల్మన్ నోట్‌బుక్కు మూసేశాడు. "ముప్పయ్యేళ్ళు స్టేషన్లో చేశానండి. మేక తప్పిపోయిందని వచ్చినవాడు కూడా ఇంతకంటే గుర్తులు చెప్పేవాడు."

అది కాగితంలో లేదు. అందరూ నవ్వారు. సీను బాగా పండిందనుకుని జనార్దనరావూ నవ్వాడు. బస్తాల చాటున శ్యామలాదేవికీ ప్లాస్టర్ వెనక నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే కోపం వచ్చింది. ఆకుపచ్చ అన్నందుకు కాదు. సరదాలేం లేవన్నందుకు. ఉన్నాయని ఎన్నిసార్లు చెప్పింది? వినని మనిషికి చెప్పడం మానేస్తే, అసలు లేవని రాసేసుకున్నాడు.

ప్లాస్టర్ తీయగానే అంది, "వైష్ణవీ, ముగింపు మార్చకమ్మా. కొల్లేరు వస్తున్నాను."

"మరి ఇల్లో?" అన్నాడు జనార్దనరావు.

"కిడ్నాపైన మనిషినండి. ఇల్లెలా చూస్తాను?"

ఆ సాయంత్రం ఏ డబ్బా ఎక్కడుందో కాగితం మీద రాయబోయింది. ఉప్పు, కారం, పసుపు దాకా రాసి, కాగితం చింపేసింది. చూస్తున్న అచ్చాయమ్మ, "వెళ్ళిరావే. ఇంగువ ఎక్కడుందో నాకిప్పుడు తెలుసుగా" అంది.

కొల్లేరులో చలికాలపు ఎండ నీళ్ళ మీద మెత్తగా పరుచుకుని ఉంది. పడవలో కట్లతో కూర్చున్న శ్యామలాదేవి తల తిప్పితే చాలు, గూడకొంగలు. చెట్ల నిండా, నీళ్ళ నిండా. ఒకటి దిగి, సంచిలాంటి ముక్కు నీళ్ళలో ముంచి, తీరిగ్గా తలెత్తింది. నరసరాజుకి బేడీలు పడ్డాయి. వెళుతూ వెళుతూ కెమెరా చూడకుండా, "తిన్నారాండీ?" అన్నాడు. తిన్నానన్నట్టు తలూపింది.

చివరి షాటు. గట్టు మీద జనార్దనరావు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. చూపు మాత్రం కెమెరా మీదుంది. మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చి సాల్మన్ ఆమె కట్లు విప్పి, ప్లాస్టర్ తీశాడు. "పదండమ్మా, మీ ఆయన ఎదురుచూస్తున్నారు."

ఆమెకి డైలాగు లేదు. దిగి, ఏడుస్తూ పరుగెత్తాలి.

శ్యామలాదేవి లేవలేదు. మణికట్టు రుద్దుకుని, కొంగు ఒళ్ళో సర్దుకుంది. వైష్ణవి కట్ చెప్పలేదు.

"డిటెక్టివ్ గారూ, ముందు మీరెళ్ళి, నేనే రంగు చీర కట్టుకున్నానో ఆయన్ని అడిగి రండి. అందాకా ఇక్కడే కొంగల్ని చూస్తూ కూర్చుంటాను. ఈసారి నా వైపు చూసి చెప్పినా ఒప్పుకుంటాను."