ఆర్పని కర్పూరం

ఉల్లిగడ్డ పీకాలి. ఆకు కోయాలి. గంపలతో గట్టు మీదికి మోసి కుప్ప పోయాలి. పొద్దు వాలి లారీ వచ్చేలోగా గోతాలు నింపాలి. గంపలు ఎత్తడానికి ముందు మద్దమ్మతో ప్రమాణం చేయించాలి.

ఆ చివరి పని గంగక్క నెత్తిన వేసుకుంది. ఆ కూలి గుంపుకు ఆమే పెద్ద. రైతు ఉరుకుందు ఉల్లి చేనును గుత్తకు ఒప్పుకున్నారు. వచ్చింది సమానంగా పంచుకుంటే మనిషికి ఐదువందలు పడుతుంది. ఒకరు మోయకపోతే ఆ బరువు మిగిలినవాళ్ళ మీద పడుతుంది.

మద్దమ్మ ఈ మధ్య గంప ఎత్తడం లేదు. గడ్డలు పీకుతుంది, ఆకు కోస్తుంది, గంప దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుంటుంది. మాటిమాటికీ చేను పక్కనున్న వంకలోకి దిగుతుంది, ఒక్కతే. తిరిగొచ్చేటప్పుడు నడుముకు పాత చీర పీలిక బిగించి ఉంటుంది. మొగుడు పోయి రెండేళ్ళయింది. ఊరికి అంతకంటే ఏం కావాలి?

“కడుపు కనపడకుండా కట్టుకుంటాండాది” అంది ఒకామె.

“వంకలో ఎవురుండారో చూసొద్దామా?” జీవిత కిసుక్కున నవ్వింది. పోయినేడే ఆ ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల.

“నవ్వుతావేంమే? నడుంనొప్పని నేనూ కట్టుకోలేదా?” గంగక్క తన నడుముకు బిగించిన తుండును తట్టి చూపింది. “నాది వేరే, దాంది వేరే.”

గంపలు నిండాక గట్టు మీద రాయి కడిగి కర్పూరం వెలిగించింది. మాట పడినవాళ్ళు మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే ఇల్లు నిలవదని ఆ ఊరి నమ్మకం.

“రామ్మే మద్దీ. ‘నా ఒంట్లో దాచిందేమీ లేదు’ అని ఆర్పు. రేపూ మాతోనే పనికొస్తువు. లేదంటే నీ దావ నీది.”

మద్దమ్మ చెయ్యి చాచింది. అరచేతికి వేడి తగిలింది. కడుపు లేదని అయితే ఎన్నిసార్లయినా ఆర్పేది. దాచిందేమీ లేదని? ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఆర్పను.”

“చూస్తిరా!” అంది గంగక్క.

“దాచింది ఉండాదక్కా. కడుపు కాదు. గర్భసంచి కిందికి జారింది. చిన్నోడు పుట్టిన నెలకే గంప ఎత్తితి, అప్పట్నుంచి. ఇన్నాళ్ళూ ఓర్చుకుంటి. ఇప్పుడు బరువెత్తితే చాలు, బయటికొస్తాది. వంకలో కూసోని చేత్తో లోపలికి తోసుకోని, గుడ్డ బిగించుకోని వస్తాండా. బతికుండంగా మా ఆయప్పకే చెప్పలేదు, మీకేం చెప్దును?”

జీవిత ముఖంలో నవ్వు పోయింది.

“డాక్టరమ్మకు చూపిచ్చుకోలేదా అక్కా?”

“సిగ్గు పాపా. చెప్తే ఆడనే సస్తాననుకుంటి.” మద్దమ్మ చుట్టూ చూసింది. “ఇంతమందిలో చెప్తి. సావలేదు.”

“నిజమేనో, నాటకమో” వెనకనుంచి ఎవరో గొణిగారు. అందరూ గంగక్క వైపు చూశారు. తీర్పు ఆమెది.

గంగక్క చెయ్యి తన నడుము ముడి మీదే ఉంది.

“నిజమే” అంది. “అట్లనే ఉంటాది.” వెంటనే గొంతు పెంచింది. “లారీ వస్తాది. ఏం చూస్తాండారు? ఎత్తండి గంపలు!”

మద్దమ్మ గంపను జీవిత ఎత్తుకుంది. గంగక్క తన గంప కోసం వంగింది. వంగినదల్లా ఆగి, పళ్ళు బిగబట్టి, మెల్లగా లేచింది.

“మీరు పోతాండండి. వస్తా” అని వంక వైపు నడిచింది, ఒక్కతే. రాయి మీద కర్పూరం ఎవరూ ఆర్పకుండానే కాలిపోయింది.

సోమవారం మద్దమ్మ ఆదోని ఆసుపత్రికి పోతుంది. జీవిత తోడు వస్తానంది. ఆమె గురించి నాకు దిగులు లేదు. మీ ఇంట్లో ఉల్లిగడ్డ తరిగేటప్పుడు గంగక్కను ఒకసారి గుర్తు చేసుకోండి. ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.