వెండి పెట్టె, నల్ల పెట్టె

"ఆ రుబ్బడం కాసేపు ఆపవే, ఇక్కడ వింటున్నాం!" నాన్నగారు ముందుగదిలోంచి కేకేశారు. అమ్మ పొత్రం మీద చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయింది. పొద్దుటినుంచీ ఇదే వరస. పప్పు సగం నలిగి రోట్లోనే ఉంది. ఆనక "ఇంకా పిండి అవలేదా, ఇంతసేపూ ఏం చేస్తున్నావు?" అని అడిగేదీ నాన్నగారే. 

ఇశ్రాయేలు బాబాయి మస్కట్ నుంచి వస్తూ రెండు ఆంప్లిఫయర్లు తెచ్చాడు. టేప్‌రికార్డరుకీ, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్‌కీ మధ్యలో తగిలించే పెట్టెలవి. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. నాన్నగారు ఏది కావాలంటే అది మాకు, రెండోది రాజోలులో బాబాయి స్నేహితుడికి. గుడంటే మాకు చర్చే. అక్కడ పాటంటే కృపారావు మాస్టారే, మా నాన్నగారే. పుస్తకం పట్టుకోకుండా, కళ్ళు మూసుకుని ఎన్ని కీర్తనలైనా పాడతారు. "ఆ జ్ఞాపకశక్తి దేవుడిచ్చిందండీ" అని పి.గన్నవరం నుంచి వచ్చేవాళ్ళు కూడా అంటారు. ఆయన కీర్తనల క్యాసెట్టు వేయించాలని బాబాయి కోరిక. అందుకే కిందటి వారం ఇంట్లోనే పాడించి టేపు చేశాడు. అందులో తప్పులేమైనా ఉన్నాయేమోనని ఇప్పుడు వింటున్నారు.

"నల్లది కమ్మగా ఉందిరా. నా గొంతు గంభీరంగా వస్తోంది" అన్నారు నాన్నగారు.

"నల్లది మెత్తనన్నయ్యా, అన్నీ కలిపేసుద్ది. వెండిది అలాక్కాదు. దేనికది విడిగా వినిపిత్తాది. దాచడం దానికి చేతకాదు."

నాన్నగారు వెండిదాంతో విన్నారు. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. బాబాయి వైపు చూడలేదు.

"ఏదో గుసగుస. ప్రతి లైనుకీ ముందు వస్తోంది. పెట్టెలో లోపం."

బాబాయి కూడా పెట్టుకుని విన్నాడు. "పెట్టెది కాదన్నయ్యా, టేపుది. చుట్టలు ఒకదాని మీదొకటి ఉంటాయి గదా, తర్వాత రావాల్సింది కొంచెం ముందే అంటుకుని వినిపిత్తాది. మన సుగుణ చెవులు చురుకు. దాన్ని విననీ."

నాకు సిగ్గేసింది. మగవాళ్ళ మధ్య కూర్చుని ఏదైనా చెప్పడం నాకు అలవాటు లేదు. బాబాయే నా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించాడు. ముందు నిశ్శబ్దం. తర్వాత ఎవరో నా చెంప పక్కనే కూర్చుని ఊపిరి పీల్చినట్టయింది. చాలా చిన్న గొంతు, ఆడ గొంతు, చరణంలో మొదటి మాటలు చెప్పింది. వెంటనే ఆ మాటలే నాన్నగారు పెద్దగా పాడారు. మళ్ళీ ఆ గొంతు. మళ్ళీ నాన్నగారు.

 ఆ గొంతు నాకు తెలుసు. నన్ను బడికి లేపే గొంతు అదే. టేపు చేసిన రోజు నాన్నగారు అమ్మతో "తలుపు పక్కన కూచో, లేవకు" అంటే, చప్పుడు చెయ్యొద్దని అనుకున్నాను. ఆదివారం ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, నాన్నగారికి చేరువలో కూర్చున్న అమ్మ పెదవులు కదలడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. భక్తనుకున్నాను. పాట కంటే ముందు కదులుతున్నాయని ఒక్కసారైనా గమనించలేదు. ఎప్పుడో అమ్మ గుడిలో ఒక పాట పాడతానంటే, "నీకెందుకే పాటలు, పొయ్యి చూసుకో" అన్నారు నాన్నగారు. ఆ రోజు నేను కూడా నవ్వాను.

"ఏం వినపడింది?" నాన్నగారు నా కళ్ళలోకి చూస్తూ అడిగారు. ఆ చూపుతో అర్థమైంది, ఆయనకి తెలుసు.

"గుసగుసండి" అన్నాను.

"విన్నావుగా? నల్లదే ఉంచెయ్యరా."

వాళ్ళు పాస్టరుగారింటికి వెళ్ళగానే అమ్మని పిలిచాను. పిండి చేతులతోనే వచ్చింది. ముడి పక్కకి జరిపి హెడ్‌ఫోన్ పెట్టి, వెండి పెట్టె తగిలించి టేపు పెట్టాను.

"ఎవరే ఈవిడ?" అంది అమ్మ. చెవులు మూసుకుపోయాయేమో, గట్టిగా అరిచినట్టే అంది. "మీ నాన్నగారికి మాటలు అందిస్తంది! ఎంత బావుందే గొంతు!"

"నువ్వేనమ్మా."

 అమ్మ పిండి చేతుల్ని గాలిలోనే పట్టుకుని పాటంతా విన్నది. నేను తీయబోతే తల వెనక్కి లాక్కుంది. అయ్యాక అడిగింది.

"ఏది ఉంచుకుంటన్నారు?"

"నల్లది."

"అందులో నేను వినపడనా?"

"వినపడవు."

అమ్మ వెళ్ళి మళ్ళీ రోటి ముందు కూర్చుంది.

ఆదివారం గుడి నిండా జనం. నాన్నగారు కళ్ళు మూసుకుని పల్లవి పాడారు, మొదటి చరణం కూడా పాడారు. రెండో చరణానికి హార్మోనియం వచ్చి ఆగింది, మళ్ళీ అదే వరస వాయించింది. ఎవరో దగ్గారు. నాన్నగారు కళ్ళు తెరిచి ఆడవాళ్ళ వైపు చూశారు. అమ్మ పెదవులు బిగించి కూర్చుంది. నేను భయంతో అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను.

అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఉండవే. నల్ల పెట్టె ఎలాగుంటాదో ఆయన్ని కూడా విననీ."