కంప్యూటర్ కుదిర్చిన సంబంధం

సెలూన్ నడిపే కత్తెరయ్య చేతులు వణకడం మొదలయ్యాక ఆ వీధిలో మగవాళ్ళందరికీ ఉన్నట్టుండి గడ్డాలు పెంచాలని బుద్ధి పుట్టింది. కాలం మారిందిలే అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. కానీ అవే గడ్డాలు పక్కవీధి కొత్త సెలూన్లో నున్నగా గీయించుకుని, తన కొట్టు ముందునుంచే తలవంచుకుని పోతుంటే ఆయన కడుపు రగిలిపోయేది. మిగిలిన ఒకే ఒక్క పాత ఖాతాదారు కుర్చీలో కూర్చోగానే కళ్ళు గట్టిగా మూసుకుని, పని పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టేవాడు. మొన్నటికి మొన్న అతను కూడా "జలుబు చేసిందండీ" అంటూ మెడలో గుడ్డ విప్పేసి పారిపోయాడు. జలుబుకీ గడ్డానికీ సంబంధమేమిటో అతను చెప్పలేదు, ఈయన అడగలేదు.

వణుకు సంగతి మాత్రం కత్తెరయ్య ఒక్కనాడూ ఒప్పుకున్న పాపాన పోలేదు. కత్తెర పాతదైపోయింది. కుర్చీ కాలు కుదురుగా లేదు. ఫ్యాను గాలి ఎక్కువైంది. ఫ్యాను ఆపితే కిటికీలోంచి వచ్చే గాలిదే తప్పు. చివరికి భార్య విసిగిపోయి, రెక్క పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టరు. అయితే ఉన్న మందులేవీ ఈయనకి పడలేదు. ఒకటి వేసుకుంటే పట్టపగలే గురక, ఇంకొకటి వేసుకుంటే ఇల్లంతా గిర్రున తిరగడం. "కొత్త మందుల మీద పరీక్షలు జరుగుతుంటాయి. వాటిలో మీకు సరిపోయేది ఉందేమో మా కంప్యూటర్ వెతికి చెబుతుంది" అని పక్క గదిలోకి పంపాడు.

ఆ గదిలో ఒక అమ్మాయి తలమీద కళ్ళజోడు పెట్టుకుని అదే కళ్ళజోడు కోసం బల్లంతా వెతుకుతోంది. కత్తెరయ్య ఆమెకి అప్పటికప్పుడు కంప్యూటరమ్మ అని పేరు పెట్టేశాడు. ఎక్కడ ఏ మందు పరీక్షిస్తున్నారో, దానికి ఎలాంటి రోగులు కావాలో అన్నీ ఆమె కంప్యూటర్ కడుపులో ఉంటాయి. మనిషి వివరాలు ఇస్తే చాలు, మనిషికీ మందుకీ పొత్తు కుదురుతుందో లేదో చూసి పెడుతుంది. అది కాసేపు ఆలోచించి, గర్భిణులకు వాంతులు తగ్గించే మందు కత్తెరయ్యకి దివ్యంగా సరిపోతుందని తేల్చింది.

"అయ్యో, ఆడా మగా అన్నది నింపలేదండీ!" కంప్యూటరమ్మ నాలిక కరుచుకుంది.

నింపాక మళ్ళీ వెతికితే, పక్క తడిపే పసిపిల్లల మందు చూపించింది. ఈసారి పుట్టిన సంవత్సరం తప్పు పడింది. మూడోసారికి గాని దానికి కత్తెరయ్య ఎవరో అర్థం కాలేదు. అప్పుడు మాత్రం తెరమీద పచ్చరంగు వెలిగింది. చేతుల వణుక్కి కొత్త మందు. ఒక్క చోటే మిగిలి ఉంది.

"గురువారం రండి. చేతులు ఒకసారి పరీక్షించి, అన్నీ సరిపోతే చేర్చుకుంటారు" అంది కంప్యూటరమ్మ. కత్తెరయ్యకి అక్కడికక్కడే చేతిలోకి కత్తెర వచ్చినట్టయింది. ఈ మందూ దొరక్కపోతే కొట్టు మూసుకోవడమేనని ఆయనకి తెలుసు.

ఇంటికొచ్చేసరికి బావమరిది కూర్చుని ఉన్నాడు. అతను పెళ్ళిళ్ళ పేరయ్య. చుట్టుపక్కల సగం కాపురాలు అతని చలవే. అందుకే ఆ సగం ఇళ్ళవాళ్ళకీ అతనంటే ఇప్పటికీ కోపం.

"కంప్యూటర్ సంబంధం చూసిందా? గురువారం చూపులకి రమ్మన్నారా?" సంగతంతా వినగానే అతని మొహం వెలిగిపోయింది. "ఇంకేం బావా, మిగతాది నాకొదిలెయ్."

"ఇది ఆసుపత్రి వ్యవహారం రా" అంది అక్క.

"ఏదైతేనేం అక్కా? అవతలివాళ్ళు అర్హతలు చూస్తున్నారా లేదా? ఒక్క చోటు కోసం పోటీ ఉందా లేదా? అలాంటి చోటికి లోపం చూపించుకుంటూ ఎవరైనా వెళ్తారా? బట్టతల వాడికి టోపీ పెట్టి పెళ్ళి చేశాను నేను. నత్తివాణ్ణి మౌనవ్రతంలో ఉన్నాడని చెప్పి ఒడ్డెక్కించాను. బావ వణుకెంత!"

కత్తెరయ్యకి ఆ మాటలు తెగ నచ్చేశాయి. ఇన్నాళ్ళుగా ఆయన చేస్తున్నదీ దాచిపెట్టడమేగా. ఇప్పుడు ఆ విద్యకి ఒక నిపుణుడి అండ కూడా దొరికింది. భార్య కాస్త గొణిగింది గానీ, తమ్ముడి నోటి ముందు ఎవరి గొణుగుడు నిలుస్తుంది?

సింగారం మొదలైంది. జుట్టుకి రంగు వేశారు. బావమరిది తన కోటు తెచ్చాడు. దాని చేతుల అంచుల్లో తక్కెడ గుండ్లు పెట్టి అక్క చేత కుట్టించాడు. అది తొడుక్కుంటే కత్తెరయ్య భుజాలు కిందికి జారిపోయాయి. అంత బరువు మోస్తున్న చేతులకి ఇక వణకడానికి ఓపిక లేకపోయింది.

"చెయ్యి వణుకుతుందా అని అడిగితే?" బావమరిది పాఠం చెప్పించాడు.

"అబ్బే!"

"ఒక్క అబ్బే అంటే అనుమానం వస్తుంది బావా. అబ్బెబ్బే అనాలి. నవ్వుతూ అనాలి."

గురువారం ముగ్గురూ వెళ్ళారు. వరండాలో, అదే మందుకి అప్పటికే ఎంపికైన ఒకాయన కాఫీ తాగుతున్నాడు. సగం కాఫీ చొక్కా మీదే ఉంది. బావమరిది ఆయన్ని ఎగాదిగా చూసి, "వీణ్ణి ఎలా ఒప్పుకున్నారో! పలుకుబడి ఉండుంటుంది" అని బావ చెవిలో ఊదాడు.

కంప్యూటరమ్మ రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్ళు పొయ్యమంది. కత్తెరయ్య పోశాడు. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు. కాగితం మీద చుట్లు చుట్లుగా గీత గీయమంది. నత్తగుల్ల మీద ఉన్నంత పొందిగ్గా గీశాడు. అన్నం తినేటప్పుడు వణుకుతుందా? అబ్బెబ్బే. బొత్తాలు పెట్టుకునేటప్పుడు? అబ్బెబ్బే. ఒక్కో జవాబుకీ ఆమె మొహం వాడిపోతోంది. బావమరిది మొహం విచ్చుకుంటోంది.

ఆమె అన్నీ కంప్యూటర్‌కి చెప్పింది. తెర ఎర్రగా అయిపోయింది.

"సారీ అండీ, కుదరదంటోంది. మీకు వణుకే లేదట."

"లేకపోతే మంచిదేగా!" బావమరిది కుర్చీలోంచి లేచాడు.

"ఇది వణుకు ఉన్నవాళ్ళకి ఇచ్చే మందండీ."

"ఇన్నేళ్ళ సర్వీసులో, ఏ లోపమూ లేదని సంబంధం తిప్పికొట్టినవాళ్ళని ఇవాళే చూస్తున్నాను" అని గొణుక్కుంటూ బావమరిది కూలబడ్డాడు.

"వరసలో తర్వాతవాళ్ళకి ఫోన్ చేసేస్తాను మరి" అంటూ కంప్యూటరమ్మ ఫోన్ అందుకుంది.

కత్తెరయ్య తల తిప్పాడు. అద్దాల తలుపులోంచి వరండాలో మనిషి కనబడుతున్నాడు. చొక్కా అంతా కాఫీ, అయినా ఎంత నిశ్చింతగా, ఎంత దర్జాగా వణుకుతున్నాడో! ఆయన్ని చూస్తే కత్తెరయ్యకి కన్ను కుట్టింది. జన్మలో మొదటిసారి ఒక మనిషి వణుకుని చూసి అసూయపడ్డాడు. గబగబా కోటు విప్పి కింద పడేశాడు. అది దభీమని పడింది. కంప్యూటరమ్మ ఉలిక్కిపడి ఫోన్ వదిలేసింది.

"అమ్మా, అబద్ధం చెప్పాను. ఆ కోటు చేతుల్లో ఇనప గుండ్లున్నాయి." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నా చేతులు వణుకుతాయి. బాగా వణుకుతాయి."

భార్య ముందు ఆ మాట అనడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాడు గానీ, ఏమీ కాలేదు. కంప్యూటరమ్మ వెళ్ళి డాక్టరుని పిలుచుకొచ్చింది. ఆయన కోటు ఎత్తబోయి, ఎత్తలేక వదిలేసి, పరీక్ష మళ్ళీ పెట్టమన్నాడు.

ఈసారి కత్తెరయ్య నీళ్ళు పోస్తుంటే గ్లాసులోకి తప్ప అన్నిచోట్లకీ వెళ్ళాయి. ఎక్కువ భాగం బావమరిది ఒళ్ళోకి వెళ్ళాయి.

"చాలా బాగుందండీ! ఇంకా పొయ్యండి!" కంప్యూటరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసింది.

చుట్లు గీయమంటే, సెలూన్లో సాయంత్రం ఊడ్చిన జుట్టు కుప్పలా వచ్చింది. బావమరిది తడిసిన పంచె పిండుకుంటూనే మాట మార్చేశాడు. "చూశారా! మా బావది ఆషామాషీ వణుకు కాదండీ. వంశం మొత్తంలో ఇలాంటి వణుకు లేదు. ఈయన మంచినీళ్ళు తాగితే ఇల్లు కడిగినట్టే!"

"మీరు కాస్త ఆగండి" అని కంప్యూటరమ్మ కత్తెరయ్య వైపు తిరిగింది. "ఇది మొదట ఎప్పుడు కనిపించింది మీకు?"

కత్తెరయ్య భార్య వైపు చూశాడు. తర్వాత నేల చూశాడు.

"మా ఆవిడ జుట్టు చివర్లు కత్తిరిస్తుంటే" అన్నాడు మెల్లగా. "మెడ దగ్గర కత్తెర తగలబోయింది. భయమేసింది."

"ఆ రోజు కొట్టుకి ఎవరో వచ్చారని సగంలో లేచి వెళ్ళిపోయారు" అంది ఆవిడ.

"ఎవరూ రాలేదు."

"ఆ తర్వాత ఒక్కసారైనా నా జుట్టు ముట్టుకోలేదు మీరు. అడిగితే పనుందనేవారు. ముసలిదాన్నయ్యాను, నా మీద మనసు విరిగిందేమోనని..." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇదా సంగతి! ఒక్క ముక్క చెబితే ఏం పోయేదండీ?"

కత్తెరయ్యకి ఏడుపొచ్చింది. బావమరిది పంచె మళ్ళీ పిండుకున్నాడు. కంప్యూటరమ్మ కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీయబోతే అది తలమీద ఉంది. తెర మాత్రం ఎవరి గోలా పట్టించుకోకుండా చల్లగా పచ్చబడింది.

చేర్చుకునే ముందు డాక్టరు ఒక సంగతి విడమరిచి చెప్పాడు. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు ఇస్తారు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరికి ఏది వెళ్ళిందో పరీక్ష అయ్యేదాకా రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. కత్తెరయ్య సరేనని సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసి కంప్యూటరమ్మ మరోసారి ముచ్చటపడింది.

ఆ సాయంత్రం ఆయన కొట్టు తెరవగానే భార్య వచ్చి కుర్చీలో కూర్చుంది. జడ విప్పేసి, మెడకి తనే గుడ్డ చుట్టుకుంది.

"కత్తిరించండి" అంది.

"వణుకుతోందే."

"తెలుసుగా ఇప్పుడు. కానివ్వండి."

పని పూర్తయ్యేసరికి జుట్టు ఒకవైపు భుజం దాకా ఉంది, ఇంకోవైపు చెవి దాకా. ఆవిడ అద్దంలో చూసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేక గుడ్డలో మొహం దాచుకుంది.

"బిళ్ళ వేసుకోకముందు ఇదీ లెక్క" అంది, నవ్వు తగ్గాక. "నెలనెలా ఇలాగే కత్తిరించండి. డాక్టరుకి తెలియకపోతే పోనీ, నా తల చూస్తే మనకి తెలిసిపోతుంది."

"ఉత్త బిళ్ళే అయితే?"

"అయితే తలకి గుడ్డ కట్టుకుని తిరుగుతాను. మీరు మాత్రం మళ్ళీ సగంలో లేచి వెళ్ళిపోకండి."