మహిమ చదవని భాగం

దేవకుమారి టీచరుకి తన మీద తనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. పిల్ల మొహం చూసి లోపల ఎంత సరుకుందో చెప్పేస్తానంటుంది. పందొమ్మిదేళ్ళుగా పర్చూరు వైపు పల్లెల్లో సోషల్ చెబుతోంది, ఆదివారాలు చర్చిలో సండేస్కూలు నడుపుతోంది. అంతటి మనిషి మహిమ విషయంలో పప్పులో కాలేసింది. కాలేసిందనడం చిన్నమాట, నిలువునా పడింది.

మహిమ ఎనిమిదో తరగతి. తండ్రి లేడు. తల్లి రూతమ్మ మిరప కల్లాల్లో కాయలు ఏరే కూలికి పోతుంది. ఆదివారం మహిమ నిలబడి కీర్తన అందుకుందంటే ఒక్క మాట పొల్లుపోయేది కాదు. నాలుగేళ్ళుగా కంఠత వాక్యాల పోటీలో మొదటి బహుమతి ఆ పిల్లదే. అదే పిల్ల సోమవారం బడిలో ప్రశ్నపత్రం ముందు గుడ్లప్పగించి కూర్చునేది. లేచి చదవమంటే గొంతు నొప్పి అనేది.

దేవకుమారికి అక్కడే మండేది. మొద్దుపిల్ల అయితే జాలిపడేదే. "కీర్తనలు వచ్చిన నోటికి పాఠం రాదా? ఒంటినిండా బద్ధకం," అని తేల్చేసి, నిలబెట్టేది, ఒక్కో జవాబూ పదేసిసార్లు రాయించేది. ఆదివారం తెలివి కళ్ళారా చూసింది గనకే సోమవారం ఆవిడకి పొగరు కనబడింది. సండేస్కూలు మొహం చూడని టీచరైతే ఈ పొరపాటు చేసేది కాదేమో!

ఈస్టరుకి వారం ముందు మట్టల ఆదివారం వచ్చింది. గుంటూరు నుంచి పెద్ద పాస్టరుగారు ప్రసంగానికి వచ్చారు. బైబిల్లోంచి వాక్యభాగం చదవడం మహిమ వంతు. ఏ భాగమో వారం ముందే చెప్పి ఉంచింది దేవకుమారి. తీరా ఆరాధన మొదలయ్యాక పాస్టరుగారు తన ప్రసంగానికి వేరే భాగం కావాలని చీటీ రాసిచ్చారు. దేవకుమారి ఆ చీటీ మహిమ చేతిలో పెట్టింది.

"అనుకున్నదే చదువుతానండి టీచర్," అంది మహిమ.

"చెప్పింది చెయ్."

మహిమ మైకు ముందుకి వెళ్ళింది. గ్రంథం తెరిచింది. స్పష్టంగా, తీయగా, మొదట అనుకున్న భాగమే చదవసాగింది. జనం పేజీలు అటూ ఇటూ తిప్పారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్మా, అది కాదు," అన్నారు పాస్టరుగారు మెల్లగా. దేవకుమారికి తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్ళి, సరైన పేజీ తీసి, వరుస మీద వేలు పెట్టింది.

"ఇక్కడ. చదువు."

పిల్ల నోరు తెరిచింది. ఒక అక్షరం వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. వేలు తియ్యకుండానే, పిల్ల చెవిలో అన్నాననుకుని దేవకుమారి అంది: "బడిలో ఎగ్గొట్టేది చాలక దేవుడి దగ్గర కూడా ఎగ్గొడతావా?"

మైకు వినిపించాల్సిన వాళ్ళందరికీ వినిపించింది. బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా.

సోమవారం మహిమ బడికి రాలేదు. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. పిల్ల సంగతి హెడ్మాస్టరుతో తేల్చేద్దామని దేవకుమారి బీరువాలోంచి పాత జవాబుపత్రాలు తీసింది. సాక్ష్యం కోసం తీసింది గాని, ఆ సాక్ష్యం తన మీదే తిరగబడింది.

అన్నిటికంటే పైన పటం ఉంది. నదులు గుర్తించమన్న ప్రశ్న. కృష్ణ పారాల్సిన చోటే పారింది. గోదావరి, పెన్న, తుంగభద్ర, అన్నీ చక్కగా వాటి దారిన అవి పోతున్నాయి. పేర్లు మాత్రం అక్షరాలు తారుమారై, ఒకటి మింగి ఒకటి కక్కినట్టున్నాయి. పక్కన ఎర్రసిరాతో తను పెట్టిన సున్నా. కింది పేపరు తీసింది, ఇంకోటి తీసింది. మూడేళ్ళ పేపర్లలోనూ అదే తీరు. బద్ధకస్తురాలు ఇంత ఒళ్ళు దాచుకోకుండా తప్పులు రాయదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆరో తరగతిలో ఈ పిల్లే బల్ల దగ్గరికి వచ్చి, "టీచర్, అక్షరాలు ఒకచోట నిలవట్లేదండి," అంది. "నిలవనిది అక్షరాలు కాదే, నీ మనసు," అంది తను. క్లాసంతా నవ్వింది. ఎంత బాగా అన్నానో అని ఆ పూటంతా మురిసిపోయింది కూడా! అక్షరాలు ఇలా తారుమారయ్యే పిల్లలకి ఎలా చెప్పాలో నిరుడు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. దేవకుమారి వెనక కుర్చీలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చుని, సంతకం పెట్టి, బిర్యానీ తిని వచ్చింది. ఇప్పుడు ఆ పేపర్లు ఎవరి కంటా పడకుండా మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

మంగళవారం ఒంటిపూట బడి అవగానే కల్లానికి వెళ్ళింది. ఎండలో ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు వేరు చేస్తున్నారు. రూతమ్మ పక్కన మహిమ కూర్చుని ఉంది. వాళ్ళిద్దరి మధ్యా గోనెపట్టా మీద ఫోను పెట్టి ఉంది, అందులోంచి ఎవరో వాక్యం చదువుతున్నారు. నాలుగేళ్ళ బహుమతులు ఎలా వచ్చాయో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. దేవకుమారిని చూసి రూతమ్మ ఫోను ఆపి, లేచి నిలబడింది. మహిమ లేవలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు రూతమ్మా?"

"చెప్పిందిగదండీ అది. ఆరోతరగతప్పుడు." రూతమ్మ గొంతులో కోపం లేదు. కోపముంటే దేవకుమారి తట్టుకునేది.

ఘాటుకి దగ్గొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఘాటు వల్లేనని సరిపెట్టుకునే వీలుంది గాని, ఆవిడ సరిపెట్టుకోలేదు. "తప్పు నాది. ఈస్టరు రోజు చర్చిలో సాక్ష్యం చెబుతాను. అందరి ముందూ అవమానించాను, అందరి ముందే ఒప్పుకుంటాను," అంది. దారి పొడుగునా ఆ మాటలే కూర్చుకుంటూ వచ్చింది.

రూతమ్మ చేతిలో కాయ కింద పడేసింది.

"వద్దండి టీచరమ్మగారూ. చెప్పుకుంటే మీ గుండె తేలికవుద్ది. ఎంత మంచి మనసో అని అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటారు. దీనికి చదవటం రాదని మాత్రం ఊరంతా ఇంకోసారి వినుద్ది."

నిజమే అనిపించింది దేవకుమారికి. క్షమాపణలో కూడా తనే మైకు ముందు నిలబడబోయింది. ఆదివారం కంటే ఇప్పుడే ఎక్కువ సిగ్గేసింది.

మహిమ వైపు తిరిగి అడిగింది, "మరి నన్నేం చెయ్యమంటావమ్మా?" అని. పందొమ్మిదేళ్ళలో ఏ పిల్లనీ ఆ మాట అడిగిన గుర్తు లేదు.

మహిమ తల ఎత్తకుండానే చెప్పింది. "పాఠం మీరే పైకి చదవండి టీచర్. ప్రశ్నలు నోటితో అడగండి."

"అలాగే. సాయంత్రం విడిగా కూర్చోబెట్టి..."

"విడిగా వద్దండి. అందరికీ చదవండి. నా కోసమని తెలీకూడదు. అట్టయితే వస్తా."

బుధవారం మహిమ వచ్చింది. వెనక బెంచీలో గోడవార కూర్చుంది. దేవకుమారి పుస్తకం తీసి, పరీక్షలు దగ్గరపడ్డాయి గనక పాఠాలన్నీ ఓసారి చదువుతానని చెప్పి మొదలుపెట్టింది. మధ్యమధ్య ఆపి, బోర్డు మీద గీసి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగింది. మహిమ వైపు చూడకుండా ఉండడానికి ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సి వచ్చిందో! చివర్లో మామూలుగా అడిగినట్టే ఒక ప్రశ్న అడిగింది. మహిమ కూర్చునే జవాబు చెప్పింది. తప్పు లేదు. దేవకుమారి మెచ్చుకోలేదు, "తర్వాత?" అంటూ ఇంకొకరి మీదికి వెళ్ళింది.

బెల్లు కొట్టారు. పిల్లలంతా బయటికి పరిగెత్తారు. సిద్దికా ఒక్కతే బల్ల దగ్గర ఆగింది. ఎప్పుడూ నోరు మెదపని పిల్ల, మార్కులు అంతంతమాత్రం.

"రేపు కూడా చదువుతారా టీచర్?"

"చదువుతాను. ఏం?"

"మీరు చదువుతుంటే నాకు అర్థమయిందండి. మొత్తం." సిద్దికా సంచీ పట్టీ లాక్కుంది. "మరి, మా అమ్మకి చెప్తారా? నన్ను బడి మానిపించొద్దని?"

"మానిపించమని ఎవరన్నారు?"

పిల్ల ఆవిడ మొహంలోకి వింతగా చూసింది.

"మీరేగదండీ. డిసెంబరు పేరెంట్స్ మీటింగులో. దీనికి చదువు అబ్బదు, కుట్టుమిషను నేర్పించుకోండి అన్నారుగా. మిషను కొన్నారండి."

దేవకుమారి ఎంత తవ్వుకున్నా, ఆ మాట అన్నట్టు గుర్తే రాలేదు.