అవతలి తలుపు

మా మొదటి కారుకి పదిహేనేళ్ళు. నా వైపు తలుపు బిగుసుకుపోయి మూడేళ్ళు. అప్పట్నుంచీ నేను డ్రైవర్ తలుపులోంచి దూరి, గేరు రాడ్డు దాటి, అవతలి సీట్లో పడేదాన్ని. ఆ తర్వాత మా ఆయన ఎక్కేవాడు. "వచ్చే నెల బాగుచేయిద్దాంలే" అనేవాడు. ఆ వచ్చే నెల రానేలేదు.

చివరికి మెకానిక్కే చేతులెత్తేశాడు. "అక్కా, నాకు నెలనెలా ఇచ్చేదేదో బ్యాంకుకి కట్టుకో, కొత్త కారే వస్తుంది" అన్నాడు. తన కడుపు తానే కొట్టుకుని నిజం చెప్పిన మనిషిని మొదటిసారి చూశాను.

షోరూములో మా ఆయన చూపు పెద్ద కారు మీద పడింది. దానికి ఏడేళ్ళ వాయిదాలు.

"దుప్పటి ఎంతుందో చూసుకుని కాళ్ళు చాపండి" అంటూ చిన్న కారు దగ్గరికి లాక్కొచ్చాను. దీనికి నాలుగేళ్ళే. వాయిదా కూడా మెకానిక్ బిల్లుకన్నా తక్కువ. బ్యాంకువాళ్ళు సరేనన్న రోజున గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

తాళాలిచ్చారు. మా ఆయన డ్రైవర్ తలుపు తీసి, మర్యాదగా పక్కకి జరిగాడు. నేను హ్యాండ్‌బ్యాగు నోట కరుచుకుని లోపలికి దూరాను. ఒక కాలు గేరు రాడ్డు దాటేసింది కూడా.

"మేడమ్... అటు కూడా తలుపుందండీ!" అంది నోరెళ్ళబెట్టిన సేల్స్ అమ్మాయి.

వెనక్కి దిగి, చుట్టూ తిరిగి వెళ్ళాను. రెండు వేళ్ళతో లాగితే తెరుచుకుంది. కూర్చుని వేశాను. మళ్ళీ తీశాను. మళ్ళీ వేశాను.

"ఇంకా ఎన్నిసార్లే?" అన్నాడు మా ఆయన.

"ఆగండి, మూడేళ్ళ బాకీ ఉంది" అన్నాను.